అద్దం లేచిన రెప్పపాటు

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధి చివర, ఒక మేడ మెట్ల కింద హుమాయున్ ఫోటో స్టూడియో ఉండేది. స్టూడియో అన్నాను గదా అని పెద్దగా ఊహించుకోకండి. ముందు ఒక బల్ల, వెనక నీలం తెర, తెర వెనక ఒక మనిషి దూరితే ఇంకో మనిషికి చోటులేని చీకటి గది. ఆ చీకటి గదిలోంచే ఆ చుట్టుపక్కల సగం పెళ్ళిళ్ళు బయటికొచ్చాయి. అటు జమ్మలమడుగు, ఇటు పులివెందుల దాకా ఏ పల్లెలో ఏ ఇంట్లో చూసినా, గోడకు వేలాడే పెళ్ళి ఫోటో కింద మూలన అతని స్టూడియో ముద్ర కనపడేది.

మనిషి నోట్లో నాలుక లేనివాడు. ఎనభైల చివరి రోజులవి. ప్రతి పల్లెలో రెండు పార్టీలు, ప్రతి పార్టీకీ పైన ఒక జెండా. ఒక పార్టీ వీధిలో నడిచినవాడు ఇంకో పార్టీ వీధిలోకి పోవాలంటే ఆలోచించుకోవలసిన కాలం. అలాంటి కాలంలో ఈ వీధిలో పగలు భోంచేసి, ఆ వీధిలో సాయంత్రం కాఫీ తాగి, క్షేమంగా బస్సెక్కేవాళ్ళు తక్కువమంది. పెళ్ళి చేయించే అయ్యవారు, మేళం వాళ్ళు, ఫోటోలవాడు. హుమాయున్ దాన్ని తన మంచితనం అనుకునేవాడు. మంచితనమూ కాదు, తెలివీ కాదు. అప్పటిదాకా ఎవరికీ అతనితో గట్టి పని పడలేదు, అంతే.

ఆ పల్లెల్లో పెళ్ళి ఫోటోకు ఒక పద్ధతి ఉండేది. తాళి కట్టడం అయ్యాక పార్టీ పెద్ద వచ్చి, పెళ్ళికొడుకు పెళ్ళికూతురు వెనక నడుమన నిలబడాలి. ఇరువైపులా బంధువులు వరస కట్టాలి. ఆ ఫోటోను ఇంటి ముందరి గోడకు తగిలిస్తారు. గడప తొక్కినవాడు ఆ ఇల్లు ఎవరి పక్షమో నోరు తెరిచి అడగక్కర్లేదు, గోడ చూస్తే చాలు. ఎన్నికలప్పుడు ఇల్లు పార్టీ మారిందంటే మొదట గోడ మీంచి దిగేది ఆ ఫోటోనే. పెళ్ళాం మొగుడు కలిసున్న ఒకే ఒక్క ఫోటో అటక ఎక్కేది, నడుమన నిలబడిన పెద్దమనిషి పుణ్యమా అని.

అప్పట్లో హుమాయున్ దగ్గరున్నది రెండు కళ్ళ కెమెరా. పై లెన్సుతో మనం చూస్తాం, కింది లెన్సుతో అది తీస్తుంది. దాన్ని పొట్టకు ఆనించుకుని, తల వంచి, పైనున్న గాజు పలకలో బొమ్మ చూసుకోవాలి. దూరం నుంచి చూసేవాళ్ళకు ఫోటోలవాడు దండం పెడుతున్నట్టే ఉండేది. పెద్దలకు అది బాగా నచ్చేది. చిక్కల్లా ఒకటే. చూసే కన్ను వేరు, తీసే కన్ను వేరు కాబట్టి, దగ్గర నుంచి తీస్తే చూసినదానికీ పడినదానికీ కాస్త తేడా వచ్చేది. ఒకసారి ఒక పార్టీ పెద్ద తలపాగా సగానికి తెగిపోయింది. తల తెగడం ఆ పల్లెల్లో ఫోటోలో కూడా మంచిది కాదు. ఆ ఇంటికి ఫోటో ఇచ్చి వచ్చిన రోజు హుమాయున్‌కు అన్నం సయించలేదు.

అందుకే కువైట్‌లో డ్రైవరుగా ఉన్న బావమరిది నూరుల్లా సెలవుకొచ్చి, "దూల్హాభాయ్, ఇంక మీరు ఎవురి ముందరా తల వంచే పనిల్యా" అని కొత్త కెమెరా చేతిలో పెట్టినప్పుడు హుమాయున్ కళ్ళు చెమర్చాయి. నల్లగా, బరువుగా, నెత్తిన చిన్న గూనితో ఉంది. డబ్బా మీద సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ అని రాసుంది. సింగిల్ అర్థమయింది, లెన్స్ అర్థమయింది, మూడో మాట దగ్గర ఆగిపోయాడు. పల్లె జనం ఈ బాధలేమీ పడకుండా దానికి గూని కెమెరా అని పేరు పెట్టేశారు.

మొట్టమొదట దాన్ని కంటికి ఆనించుకుని భార్య దిల్షాద్‌బీని చూశాడు. చెవి కమ్మ మీద గీతతో సహా కనపడింది. సంబరంగా మీట నొక్కాడు. టక్కుమని చప్పుడు, కన్ను ముందు చీకటి, మళ్ళీ దిల్షాద్‌బీ. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ చీకటి. పాపం బావమరిదికి ఎవడో చెడిపోయిన సరుకు అంటగట్టాడనుకున్నాడు. ఆ మాట నూరుల్లాతో ఎలా అనాలో తెలియక, అతను తిరిగి విమానం ఎక్కేదాకా ముఖం చాటేస్తూ తిరిగాడు.

హుమాయున్ తండ్రి దస్తగిరి లాంతర్లు, స్టవ్వులు బాగుచేసి సంసారం ఈదినవాడు. విప్పి చూడందే కుదుట పడని గుణం కొడుక్కీ వచ్చింది. ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, లెన్సు ఊడదీసి, కెమెరా నోట్లోకి చూశాడు. లోపల అగ్గిపెట్టె బిళ్ళంత అద్దం, ఏటవాలుగా పడుకొని ఉంది. మీట నొక్కాడు. అద్దం చటుక్కున పైకి లేచింది, దాని వెనకున్న తెర తెరుచుకుని మూసుకుంది, అద్దం దిగింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. దీనికి ఉన్నది ఒకటే కన్ను. మామూలప్పుడు ఆ కంట్లోంచి వచ్చిన వెలుతురు అద్దం మీద పడి, పైకి పోయి, గూనిలోని గాజులో తిరిగి మన కంటికి చేరుతుంది. మీట నొక్కితే అద్దం దారి వదులుతుంది, వెలుతురు తిన్నగా రీలు మీదికి పోతుంది. వెలుతురు ఒక్కటే. మనకైనా ఇవ్వాలి, రీలుకైనా ఇవ్వాలి. రీలు చూసేటప్పుడు మనం చూడం.

ఇదంతా భార్యకు వివరించి చెప్పాడు. దిల్షాద్‌బీ బియ్యంలో రాళ్ళు ఏరుతూ విని, "అంటే ఫోటో తీసేవాడు తప్ప మిగతా అందరూ చూస్తారన్నమాట" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

పల్లెల్లో మాత్రం హుమాయున్ ఈ కథలో సగమే చెప్పేవాడు. వ్యాపారం గదా, నల్లబడే సంగతి చెప్పి ఎవరు చెడగొట్టుకుంటారు? పెద్దమనిషి కంటికి కెమెరా ఆనించి, "సూడు మామా, ఈ కన్నంలో నీకేం కనపడతాందో అదే రీలు మీద పడతాది. వెంట్రుకంత తేడా రాదు. లోపల అద్దం ఉంది" అనేవాడు. పెద్దమనుషులు ఒక కన్ను మూసి, నోరు తెరిచి చూసేవాళ్ళు. అద్దం ఉందన్న మాట జనానికి బాగా పట్టింది. అన్నీ చూసి దాచిపెట్టుకునే అద్దం ఏదో ఆ గూనిలో ఉందని చెప్పుకున్నారు. హుమాయున్ కాదనలేదు.

జమ్మలమడుగుకు ఆవల నల్లగుట్టపల్లెలో పెళ్ళి. పెళ్ళికొడుకు వాళ్ళది ఊరి పెద్దాయన పార్టీ. పెళ్ళికూతురు అక్కమ్మది చిలమకూరు. తండ్రి లేడు. తల్లి చౌడమ్మ, అన్న యల్లయ్య. సిమెంటు ఫ్యాక్టరీకి దూరంగా బీళ్ళలో గొర్రెలు మేపుకుంటూ, ఈమధ్యే కాస్త చేను పట్టుకుని సేద్యం మొదలుపెట్టిన కుటుంబం. వాళ్ళకు ఏ పార్టీతోనూ పనిలేదు. కానీ వాళ్ళ గొర్రెలు మేసే బీడు అవతలి పార్టీ నాయకుడిది. ఆ లెక్కన వాళ్ళూ అవతలివాళ్ళేనని ఊళ్ళో కొందరు గొణిగారు. పెద్దాయనే, "గొర్రెకు పార్టీ ఏందప్పా" అని నవ్వి, దగ్గరుండి సంబంధం ఖాయం చేయించాడు. మంచి మాట అన్నాడు, పాపం.

తాళి కట్టారు. పెద్దాయన వచ్చి నడుమన నిలబడ్డాడు. బంధువులు వరస కట్టారు. హుమాయున్ గూని కెమెరా కంటికి ఆనించాడు. ఎడమ చివర యల్లయ్య. తలగుడ్డ నీడ కళ్ళ మీదికి పడింది.

"యల్లయ్యా, తలగుడ్డ తీయప్పా. మొకం కనపడల్యా."

యల్లయ్య సిగ్గుపడుతూ తీసి భుజాన వేసుకున్నాడు. ఎప్పుడూ గుడ్డ కిందుండే నుదురు మిగతా ముఖం కన్నా తెల్లగా ఉంది.

"ఇంగొంచెం లోపలికి రా. ఆ, ఆడే. ఎవురూ కదలొద్దు."

"సాయిబు శానా గట్టోడప్పా, నన్ను గూడ కదలొద్దంటాండాడు" అన్నాడు పెద్దాయన. వరసంతా నవ్వింది. యల్లయ్యా నవ్వాడు. ఆ నవ్వు చూసి హుమాయున్ మీట నొక్కాడు.

అద్దం లేచింది. కన్ను ముందు నల్లబడింది. ఆ నలుపులో వినపడిన చప్పుడు కెమెరాది కాదు.

అద్దం దిగేసరికి కన్నంలో పొగ తప్ప ఏమీ లేదు. కెమెరా దించి చూశాడు. పెద్దాయన నేల మీద ఉన్నాడు. ఆయన ఇక లేవడని చూడగానే తెలిసిపోయింది. పందిరికి మంట అంటుకుంది. యల్లయ్య మండుతున్న తాటాకును వట్టి చేత్తో పట్టి లాగి, చెల్లెల్నీ ఆమె మొగుణ్ణీ బయటికి ఈడ్చుకొస్తున్నాడు. బాంబు ఎవరు విసిరారో, ఏ వైపు నుంచి విసిరారో, ఏ మిద్దె మీంచి దూకి పోయారో ఎవరికీ తెలియలేదు. హుమాయున్ అక్కడే కూలబడ్డాడు.

అంతలో ఎవరో అరిచారు, "సాయిబు సూసినాడు! కెమెరాలో ఉంటాది!"

పెద్దాయన కొడుకు వచ్చాడు. చొక్కా నిండా తండ్రి నెత్తురు. వెనక కట్టెలతో మనుషులు. "లోపల అద్దం ఉందన్యావు గదా. తెరువు. నాయన మీద ఏసినోడు ఆ అద్దంలో ఉంటాడు."

"అన్నా, తెరిస్తే పోతాదన్నా. చీకట్లో కడగాల. ప్రొద్దుటూరికి పోయి, నా గదిలో..."

"ప్రొద్దుటూరికి పోయి ఎవుడికి అమ్ముకుంటావు రా?"

హుమాయున్ కెమెరాను రెండు చేతులా పొట్టకు అదుముకున్నాడు. ఒక్క తోపు తోసి లాక్కున్నారు. వెనక మూత తెరిచి, రీలును పేగుల్లా బయటికి లాగి, నడి మధ్యాహ్నపు ఎండకు ఎత్తి పట్టి, ఒకరి తర్వాత ఒకరు అందులో ముఖం కోసం వెతికారు. ఈ లోకంలో ఆ ఫోటో అందరికన్నా ఎక్కువ కావలసినవాడే దాన్ని ఎండకు పెట్టి మాడ్చేశాడు.

"ఏందిది, ఏమీ ల్యా?" అన్నాడు పెద్దాయన కొడుకు, చిన్నపిల్లవాడిలా.

"ఉన్న్యదన్నా" అన్నాడు హుమాయున్. "ఇప్పుడే పాయ."

జమ్మలమడుగు స్టేషన్‌లో ఎస్సైగారు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి మరీ అడిగాడు. హుమాయున్ తనకు తెలిసిన నిజమే చెప్పాడు. మీట నొక్కినప్పుడు అద్దం లేస్తుంది, లేస్తే నల్లబడుతుంది, అప్పుడే బాంబు పడింది, కాబట్టి చూడలేదు.

ఎస్సై విని నవ్వాడు. "నా సర్వీసులో శానామంది సాక్షుల్ని చూసినా. నిద్రపోయినోడు, తాగినోడు, చేన్లోకి పోయినోడు. అద్దం లేచిందన్నోన్ని నిన్నే చూస్తాండా. సరే, వరసలో ఎవరెవరు నిలబడినారు, అదన్నా చెప్పు."

కిటికీలోంచి చూస్తే వరండా బల్ల మీద పెద్దాయన కొడుకు కూర్చున్నాడు. రోడ్డుకు అవతల టీ కొట్టు దగ్గర ఇంకో జీపు ఆగుంది, అది అవతలి పార్టీది. ఫలానావాడు వరసలో ఉన్నాడంటే వీళ్ళకు కోపం, లేడంటే వాళ్ళకు కోపం. ఎవరి పేరు ఏ కేసులోకి పోతుందో హుమాయున్‌కు తెలియదు. తెలియనప్పుడు నోరు మూసుకోవడమే మేలనిపించింది.

"గుర్తుల్యా సార్. నాకేమీ కనపడల్యా సార్."

అంతే. రెప్పపాటు చీకటిని తీసుకొచ్చి ఆ రోజంతటి మీదా కప్పేశాడు. రెండు పార్టీలూ ఏమీ అనకుండా పోనిచ్చాయి. బస్సులో కూర్చున్నాక ఊపిరి పీల్చుకుని, ఈ అద్దమే నన్ను కాపాడింది అనుకున్నాడు పిచ్చివాడు.

వారం తిరగకముందే యల్లయ్యను పట్టుకుపోయారు. అవతలి పార్టీ నాయకుడు మొదటి ముద్దాయి, వరసగా ఇంకొందరు, చివర యల్లయ్య. బాంబు విసిరింది యల్లయ్యేనట. చిలమకూరు నుంచి చెల్లెలి పెళ్ళి సాకుతో తెచ్చాడట. రుజువు ఏమిటంటే కాలిన కుడి చెయ్యి. విసిరేటప్పుడు అంటుకుందని రాసుకున్నారు. అత్తగారింట్లో ఉన్న అక్కమ్మ నోరు మెదిపితే కాపురం ఉండదు. మెదిపినా చెల్లెలి మాట, తల్లి మాట ఎవరు లెక్కపెడతారు? వరసలో ఉన్న మిగతావాళ్ళు పెద్దాయన పార్టీవాళ్ళు, నోరు విప్పరు. బయటివాడు, ఏ పార్టీకీ చెందనివాడు, ఆ వరసను కళ్ళారా చూసినవాడు ఒక్కడే ఉన్నాడు.

ఆ ఒక్కడు స్టూడియోకు తాళం వేసి, పులివెందులలో అత్తగారింట్లో దాక్కున్నాడు.

చౌడమ్మ అక్కడికీ వచ్చింది. వేంపల్లెలో బస్సు మారి, ఆ వీధీ ఈ వీధీ అడుగుతూ, ఎండకు తోటకూర కాడలా వాడిపోయి వచ్చింది. దిల్షాద్‌బీ నీళ్ళిస్తే తాగలేదు, చెంబు పట్టుకునే కూర్చుంది.

"సాయిబప్పా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఎవురేసినారో నువ్వు చెప్పొద్దు. మాకొద్దు ఆ గోల. నా కొడుకును తలగుడ్డ తీయమన్యావంట గదా, అక్కమ్మ చెప్పింది. ఆ ఒక్క మాట చెప్పు నాయనా. నీ ఎదురుంగ నిలబడినోడు బాంబు ఎట్లేస్తాడు?"

హుమాయున్ తల ఎత్తలేదు. "నన్ను బతకనియ్యరమ్మా."

"వాన్నీ బతకనియ్యల్యా గదప్పా" అంది చౌడమ్మ. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతనికి తేలికగా ఉండేది.

ఆమె పోయాక దిల్షాద్‌బీ తలుపు దగ్గరే నిలబడి, "మీరు చూశారు. నొక్కకముందు చూశారు" అంది. ఆ మాట అతనిలో ముల్లులా దిగింది. కోర్టు నుంచి పిలుపొచ్చే నాటికి, ఏమైనా కానీ, ఆ ఒక్క మాట చెప్పి తీరాలని గట్టిగా అనుకున్నాడు.

ప్రొద్దుటూరు కోర్టు ఆ రోజు కిక్కిరిసిపోయింది. రెండు పార్టీల మనుషులు రెండు వైపులా నిండారు. హుమాయున్‌ను బోనెక్కించారు. బల్ల మీద, పోలీసులు పట్టుకుపోయిన అతని గూని కెమెరా, చీటీ కట్టి ఉంది.

సర్కారు వకీలు లేచాడు. "కంటికి కనపడిందే రీలు మీద పడుతుందని, వెంట్రుకంత తేడా రాదని పెళ్ళిలో అందరికీ చెప్పావా, లేదా?"

"చెప్పినా సార్."

"అయితే బాంబు పడినప్పుడు నీ కంటికి ఏం కనపడింది?"

"ఏమీ కనపడల్యా సార్."

హాలంతా నవ్వింది. అతను అద్దం సంగతి మొదలుపెట్టాడు, తడబడ్డాడు, చేతులతో చూపించబోయాడు. జడ్జిగారు చేయెత్తి నవ్వులు ఆపించి, కెమెరా తెమ్మన్నాడు. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, కన్నంలోంచి సర్కారు వకీలును చూసి, మీట నొక్కాడు. కాస్త ఆగి మళ్ళీ నొక్కాడు.

"నిజమే. నల్లబడుతోంది" అన్నాడు.

హుమాయున్‌కు ఏడుపొచ్చినంత పనయింది. ఎస్సై నమ్మలేదు, పార్టీలు నమ్మలేదు, ఇన్నాళ్ళకు ఒక్క మనిషి ఆ అద్దాన్ని అర్థం చేసుకున్నాడు. జడ్జిగారు టైపు కొట్టే ఆయన వైపు తిరిగి, సంఘటన జరిగిన సమయంలో సాక్షికి ఏమీ కనిపించే అవకాశం లేదని చెప్పి రాయించాడు.

ముద్దాయిల వకీలు లేచాడు. ఆయన్ను పెట్టింది మొదటి ముద్దాయి. "అయితే ఎవరు విసిరారో, ఎవరు విసిరించారో నువ్వు చూడలేదు."

"సూడల్యా సార్."

"అంతే, మహాప్రభో" అని ఆయన కూర్చున్నాడు. తన నాయకుడికి కావలసింది దొరికింది. చివరి ముద్దాయి గురించి ఆయన్ను ఎవరూ ఏమీ అడగమనలేదు.

దిగమన్నారు. హుమాయున్ దిగలేదు. ముద్దాయిల వరసలో ఎడమ చివర యల్లయ్య నిలబడి ఉన్నాడు, ఆ రోజు నిలబడిన వైపే. బోను కర్ర గట్టిగా పట్టుకున్నాడు.

"సార్, ఒక మాట. యల్లయ్య నా ముందర, వరసలో నిలబడినాడు సార్. తలగుడ్డ నేనే తీయమన్యా. వాన్ని సూసే నొక్కినా సార్."

సర్కారు వకీలు మెల్లగా లేచాడు.

"ఇప్పుడే గదా ఏమీ కనపడలేదన్నావు?"

"అది అద్దం లేచినంక సార్. ఇది అద్దం లేవకముందు."

"ఎంత ముందు?"

"రెప్పపాటు సార్."

"వరసలో ఎవరున్నారో గుర్తులేదని పోలీసుల దగ్గర చెప్పావా?"

"చెప్పినా సార్."

"అప్పుడు లేని గుర్తు ఇప్పుడెట్లా వచ్చింది? ఈ ముద్దాయి తల్లి పులివెందులకు వచ్చి నీ కాళ్ళ మీద పడిందా, లేదా?"

హుమాయున్ చౌడమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"వచ్చింది సార్" అన్నాడు.

వకీలు ఇంకేమీ అడగలేదు. జడ్జిగారు అతని వైపు జాలిగానే చూశాడు. కానీ జాలితో తీర్పులు రాయరు. కెమెరా గురించి అతను చెప్పింది నిజమని ఆయన నమ్మాడు. అందుకే మనిషి గురించి చెప్పింది నమ్మలేకపోయాడు. హుమాయున్ బోను మెట్లు దిగాడు. జీవితంలో మొదటిసారి ధైర్యం చేశాడు, అది ఎవరికీ ఎందుకూ కొరగాలేదు.

తీర్పు వచ్చింది. చూసిన సాక్షి లేడు గనక నాయకుడు బయటపడ్డాడు. అతని కోసం టపాకాయలు కాల్చారు. కాలిన చెయ్యి ఉంది గనక యల్లయ్యకు యావజ్జీవం పడింది. కోర్టువారు ఇక పనిలేదని కెమెరాను హుమాయున్ చేతికిచ్చి సంతకం పెట్టించుకున్నారు.

కోర్టు ఆవరణలో వ్యాను నిలిచి ఉంది. యల్లయ్యను తీసుకొస్తున్నారు. హుమాయున్ గోడవారగా తప్పుకుని పోబోతుంటే చౌడమ్మ చూసింది. అతని చేతిలో కెమెరా చూసింది.

"సాయిబప్పా, పెండ్లి పోటో ఎట్లాగూ పాయ. నా కొడుకు మొకం ఒక్కసారి తీసియ్యి నాయనా. ఇంట్లో వాని బొమ్మ ఒక్కటి గూడ ల్యా."

అందులో రీలు లేదు. నల్లగుట్టపల్లెలో ఎండకు లాగి పారేసినప్పటి నుంచీ ఆ కెమెరా కడుపు ఖాళీ. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో యల్లయ్య వ్యాను మెట్టు దగ్గర ఆగాడు. తల్లినీ కెమెరానూ చూశాడు. ఎవరూ చెప్పకుండానే, వంకరపోయిన వేళ్ళతో తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, నిటారుగా నిలబడ్డాడు. చెయ్యి పట్టుకున్న కానిస్టేబులు కూడా ఎందుకో టోపీ సర్దుకుని కాస్త పక్కకు జరిగాడు.

ఇంక ఏం చెప్తాడు? కెమెరా కంటికి ఆనించాడు. గడ్డం పెరిగిన ముఖం, తెల్లటి నుదురు, అంతా స్పష్టంగా కనపడింది. నొక్కనంతసేపూ ఉంటాడు అనిపించింది. వేలు కదలలేదు. "కానియ్యప్పా, టైం అయితాంది" అన్నాడు కానిస్టేబులు. నొక్కాడు. అద్దం లేచింది, నల్లబడింది. అద్దం దిగేసరికి యల్లయ్య వీపు కనపడింది.

"పడినాడా?" అంది చౌడమ్మ.

"పడినాడమ్మా."

ఆ తర్వాత పాత రెండు కళ్ళ కెమెరాలో రీలు వేసుకుని కడప జైలు దాకా పోయాడు హుమాయున్. కెమెరాతో లోపలికి పోనివ్వం అన్నారు. బతిమాలాడు, కుదరదన్నారు. తిరిగి వచ్చి పెళ్ళిళ్ళకు మళ్ళీ తల వంచుకునే ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. గూని కెమెరా ఏదని ఎవరైనా అడిగితే చెడిపోయిందనేవాడు.

చౌడమ్మ ప్రొద్దుటూరు వచ్చినప్పుడల్లా స్టూడియో మెట్టు మీద కూర్చునేది. "కడిగినావా నాయనా?" అని అడిగేది. రీలు ఇంకా నిండలేదమ్మా, నిండితే గానీ కడగకూడదు అని చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఈసారి నిజం చెప్పేయాలనుకుని, ఆమె ముఖం చూసి మానుకునేవాడు. ఒకనాడు ఆమె ఆ కెమెరా ఒక్కసారి చూపించమంది. బీరువాలోంచి తీసి ఇచ్చాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్ల తల నిమిరినట్టు ఆ గూనిని నిమిరింది.

"దీంట్లోనే ఉండాడు గదా?"

"ఉండాడమ్మా."

"సరేలే, నిదానంగానే కడుగు. పోయినసారి మాదిరి మూత మాత్రం ఎవుర్నీ తెరవనియ్యొద్దు నాయనా. ఎండ తగిలితే మల్లా పోతాడు."

హుమాయున్ తల ఊపి, ఖాళీ కెమెరాను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు.